లాంపార్డ్, జెరార్డ్: ఇద్దరు మిడ్‌ఫీల్డర్లను తూచే పద్ధతి

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను చాలాకాలంగా చూస్తున్నవాళ్లు నలుగురు కలిస్తే ఈ వాదన రాక మానదు: చెల్సీ ఫ్రాంక్ లాంపార్డ్ గొప్పా, లివర్‌పూల్ స్టీవెన్ జెరార్డ్ గొప్పా? ఒకాయన గోల్స్ లెక్క తీస్తాడు. ఇంకొకాయన 2005లో లివర్‌పూల్ గెలిచిన ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గుర్తుచేస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ వాదన అక్కడే ఆగిపోతుంది.

నా పట్టుదల ఒక్క విషయం మీదే. మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాడు, ముందుకెళ్లి చేసిన పనికీ, వెనక్కొచ్చి చేసిన పనికీ వేర్వేరు ఖాతాలు ఉండవు. అతను ముందుకు వెళ్లిన ప్రతిసారీ వెనకాల ఒక చోటు ఖాళీ అయింది. ఆ ఖాళీని ఎవరో ఒకరు కాశారు, లేదా ఎవరూ కాయలేదు. ఆ మూడో మనిషి ఎవరో తేల్చకుండా ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే, తూకం ఎటు మొగ్గినా అది తప్పు తూకమే. ముందు అంకెలతో మొదలుపెడతాను, తర్వాత మైదానంలోకి దిగుదాం.

ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో లాంపార్డ్ 609 మ్యాచ్‌లు ఆడాడు, 177 గోల్స్ కొట్టాడు, 102 అసిస్టులు, అంటే గోల్‌కు ముందు చివరి పాస్‌లు, ఇచ్చాడు. జెరార్డ్ 504 మ్యాచ్‌లు, 120 గోల్స్, 92 అసిస్టులు. పైపైన చూస్తే 57 గోల్స్ తేడా. అంత తేడా ఉంటే ఇంక వాదనెందుకు అనిపిస్తుంది. మ్యాచ్‌ల సంఖ్యతో భాగించండి. లాంపార్డ్‌కు మ్యాచ్‌కు 0.29, జెరార్డ్‌కు 0.24. 38 మ్యాచ్‌ల సీజన్‌కు మారిస్తే ఒకరికి 11, ఇంకొకరికి 9.

ఇప్పుడు పెనాల్టీలు పక్కన పెట్టండి. పెనాల్టీ కొట్టడం చేతగానివాళ్ల పని కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ స్థాయిలో ఎవరు కొట్టినా నాలుగింటిలో మూడు, అంతకంటే కాస్త ఎక్కువే, గోల్ అవుతాయి. పెనాల్టీలు ఎవరికి అప్పగించారన్నది జట్టు నిర్ణయం. ఆ ఆటగాడు ఆటలో ఎక్కడ తిరుగుతాడో అది చెప్పదు. లాంపార్డ్ గోల్స్‌లో 43 పెనాల్టీలు, జెరార్డ్ గోల్స్‌లో 32. అవి తీసేస్తే 134, 88. సీజన్ లెక్కలో సుమారు 8.4, 6.6.

అసిస్టులు కలపండి. అక్కడ మ్యాచ్‌కు ఎంత అన్నది చూస్తే జెరార్డే కొంచెం ముందున్నాడు: లాంపార్డ్‌కు 0.17, జెరార్డ్‌కు 0.18. పెనాల్టీలు లేని గోల్స్, అసిస్టులు రెండూ కూడితే 38 మ్యాచ్‌లకు లాంపార్డ్‌ది 14.7, జెరార్డ్‌ది 13.6. అంటే 57 గోల్స్‌తో మొదలైన తేడా సీజన్‌కు ఒక్క గోల్ దగ్గరికి వచ్చి ఆగింది. ఒకటి అంటే చిన్నది అని కాదు. కాకపోతే దాని మీద ‘ఎవరు గొప్ప’ అనేంత బరువు మోపలేం.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది, అది కూడా చెప్పాలి. నేను భాగించింది మ్యాచ్‌లతో, నిమిషాలతో కాదు. చివరి 15 నిమిషాలకు దిగినా అది ఒక మ్యాచే. 2014-15లో మాంచెస్టర్ సిటీకి లాంపార్డ్ 32 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. చాలావరకు సబ్‌స్టిట్యూట్‌గా దిగినవే. కాబట్టి మీరు సొంతంగా పోలిక చేసేటప్పుడు ఆడిన నిమిషాలన్నీ కూడి, 90తో భాగించి, ఆ వచ్చిన సంఖ్యతో గోల్స్‌ను భాగించండి. అలాగే కార్నర్లు, ఫ్రీకిక్‌ల నుంచి వచ్చిన అసిస్టులు వేరే గడిలో రాయండి. కార్నర్ తీసేవాడికి అసిస్టులు ఊరికే పెరుగుతాయి. ఆట సాగుతున్నప్పుడు అతని చూపు ఎలాంటిదో వాటిలో కనిపించదు.

ఇంకో సంగతి చూడండి. లాంపార్డ్ వెస్ట్ హామ్‌కు ఆడిన 148 లీగ్ మ్యాచ్‌లలో 24 గోల్స్ కొట్టాడు. చెల్సీకి 429 మ్యాచ్‌లలో 147. మ్యాచ్‌కు 0.16 నుంచి 0.34కు పెరిగింది. వయసు పెరిగింది, ఆట పదునెక్కింది, నిజమే. కానీ చుట్టూ ఉన్న జట్టు కూడా మారింది. జెరార్డ్‌లోనూ ఇదే కనిపిస్తుంది. 2003-04లో లీగ్‌లో 4 గోల్స్ కొట్టిన మనిషి, 2008-09లో 16 కొట్టాడు. ఐదేళ్లలో కాలు బలం నాలుగింతలు కాలేదు. నిలబడే చోటు మారింది.

ఆ చోటు గురించే కాసేపు మాట్లాడుకుందాం. ఎందుకంటే అసలు విషయమంతా అక్కడే ఉంది.

2004-05 చెల్సీ. కోచ్ జోసె మొరీన్యో 4-3-3, అంటే వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు, ఆడించాడు. మధ్యలో ముగ్గురు: అడుగున, అంటే రక్షణకు దగ్గరగా, క్లోడ్ మకెలెలె, ఎడమ వైపు లాంపార్డ్, కుడి వైపు ఎక్కువగా తియాగో. ఆ సీజన్‌లో లాంపార్డ్ 38 లీగ్ మ్యాచ్‌లూ ఆడి 13 గోల్స్ కొట్టాడు. చెల్సీ మొత్తం మీద ఇచ్చుకున్న గోల్స్ 15. రెండు అంకెలూ ఒకే వాక్యంలో చెప్పాలి, విడదీయకూడదు.

లాంపార్డ్ పరుగు ఎలా ఉంటుందంటే, బంతి పక్క గీత దగ్గర వింగర్ కాళ్ల దగ్గర ఉంటుంది. స్ట్రైకర్ గోల్ వైపు దూసుకెళ్తాడు, అతన్ని పట్టుకుని వెనక మధ్యలో కాచే ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లూ వెనక్కి జరుగుతారు. వాళ్లు జరిగిన కొద్దీ పెనాల్టీ స్పాట్‌కూ గోల్ ముందున్న బాక్స్ అంచుకూ మధ్య, అంటే గోల్ నుంచి 11 మీటర్లకూ 16.5 మీటర్లకూ మధ్య, ఒక ఖాళీ పట్టీ తెరుచుకుంటుంది. లాంపార్డ్ అక్కడ ముందే వెళ్లి నిలబడడు. నిలబడితే ఎవరో ఒకరు వచ్చి అంటుకుంటారు. అతను అప్పటిదాకా పాతిక మీటర్ల దూరంలో, దాదాపు నడుస్తున్నట్టు ఉంటాడు. వింగర్ తల దించి బంతిని వెనక్కి లాగబోతున్న క్షణంలో పరుగందుకుంటాడు. అతనూ బంతీ ఆ పట్టీలోకి ఒకేసారి చేరతాయి. ఆగి ఆపుకోవడం లేదు, వచ్చిన వేగంతోనే కొట్టడం.

దూరం నుంచి కొట్టే షాట్లకే లాంపార్డ్‌ను చాలామంది గుర్తుపెట్టుకుంటారు. బాక్స్ బయట నుంచి ప్రీమియర్ లీగ్‌లో అతను కొట్టిన గోల్స్ 41. అందులోంచి లెక్క తీయండి. 177లో 41, 43 పోతే మిగిలేవి 93. పెనాల్టీ కాకుండా, బాక్స్ లోపల నుంచి, ఒక మిడ్‌ఫీల్డర్ 93 గోల్స్! ఆ పరుగు విలువ నాకైతే ఆ దూరపు షాట్ల కంటే ఎక్కువ అనిపిస్తుంది.

మరి ఆ పరుగు పెట్టినప్పుడు ఏమైంది? ఎడమ వైపు, అంచున కాచే ఫుల్‌బ్యాక్‌కూ మధ్య వృత్తానికీ నడుమ పెద్ద ఖాళీ పడింది. షాట్ గోల్‌కీపర్ చేతిలో పడితే ఎదుటి జట్టు మొదట చూసేది ఆ దారినే. మకెలెలె అప్పటికే అటు నాలుగైదు అడుగులు జరిగి ఉంటాడు. అది ట్యాకిల్‌గా (ఎదుటివాడి కాళ్ల దగ్గర బంతి తీయడం) లెక్కలోకి రాదు, ఇంటర్‌సెప్షన్‌గానూ (పాస్‌ను మధ్యలో అందుకోవడం) రాదు. అతను అక్కడ ఉన్నాడని చూసి ఎదుటివాడు పాస్ ఇవ్వడం మానుకుంటాడు, అంతే. లాంపార్డ్ 13 గోల్స్‌లో ఆ నాలుగైదు అడుగుల వాటా ఉంది.

ఇప్పుడు జెరార్డ్. 2005-06లో లివర్‌పూల్ కోచ్ రఫా బెనీతెజ్ అతన్ని చాలా మ్యాచ్‌లలో కుడి అంచుకు పంపాడు. అప్పట్లో దాన్ని శిక్షలా చూసినవాళ్లున్నారు. అన్ని పోటీల్లో కలిపి 23 గోల్స్ కొట్టి, ఆటగాళ్ల సంఘం ఇచ్చే ఆ ఏటి ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. బెనీతెజ్ ఆలోచన సూటిగా ఉంది: జెరార్డ్ బంతి వెంట పరుగెత్తే మనిషి. మధ్యలో ఉండి పరుగెత్తితే మధ్య ఖాళీ అవుతుంది. అంచు నుంచి లోపలికి పరుగెత్తితే మధ్యలో ఇద్దరు అలాగే ఉంటారు. 2008-09 నాటికి ఇంకో మెట్టు ఎక్కించి, స్ట్రైకర్ ఫెర్నాందో టోరెస్ వెనకాల పెట్టాడు. అతని వెనక మాస్చెరానో, షాబీ అలోన్సో. జెరార్డ్ లీగ్‌లో 16 గోల్స్ కొట్టాడు, లివర్‌పూల్ 38 మ్యాచ్‌లలో ఓడింది రెండే, ఇచ్చుకున్న గోల్స్ 27.

ఐదేళ్లు ముందుకు రండి. 2013-14. అప్పటి లివర్‌పూల్ కోచ్ బ్రెండన్ రాడ్జర్స్ జెరార్డ్‌ను మిడ్‌ఫీల్డ్ అడుగుకు దించాడు. 33 ఏళ్లు దాటిన మనిషి, అక్కడి నుంచి పొడవాటి పాస్‌లతో ఆట నడిపాడు. 13 గోల్స్, 13 అసిస్టులు; ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ అసిస్టులు అతనివే. లివర్‌పూల్ 101 గోల్స్ కొట్టింది, 50 ఇచ్చుకుంది. 84 పాయింట్లు వచ్చాయి, టైటిల్ 86 దగ్గర సిటీకి పోయింది. 50కి కారణం జెరార్డ్ ఒక్కడే అంటే అన్యాయం. సెంటర్‌బ్యాక్‌లు తరచూ మారారు, ఫుల్‌బ్యాక్‌లు పైకి వెళ్లిపోయేవాళ్లు. కానీ మకెలెలె నిలబడ్డ చోట జెరార్డ్ నిలబడినప్పుడు అవే నాలుగైదు అడుగులు ముందుగా పడేవి కావు. అతని చూపు బంతి మీద, ముందుకు వేయబోయే పాస్ మీద ఉండేది. ఆ చోటు అడిగేది వెనక ఎవరు తప్పించుకు వస్తున్నారో చూసే కన్ను.

ఇక రక్షణ పని కొలవడం. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

ట్యాకిల్స్ సంఖ్య చూసి ఇతను బాగా కాస్తాడు, అతను కాయడు అనేస్తారు. ట్యాకిల్ చేయాలంటే బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉండాలి కదా. మీ జట్టు దగ్గరే 60 శాతం బంతి ఉంటే మీకు ట్యాకిల్ చేసే అవకాశమే తక్కువ. మిడ్‌ఫీల్డర్ ఎన్గోలో కాంతే కంటే మంచి ఉదాహరణ లేదు. 2015-16లో లెస్టర్‌కు 37 లీగ్ మ్యాచ్‌లలో 175 ట్యాకిల్స్. తర్వాతి ఏడాది చెల్సీకి 35 మ్యాచ్‌లలో 127. మ్యాచ్‌కు 4.7 నుంచి 3.6కు తగ్గింది. కాంతే నీరసించాడా? రెండేళ్లూ అతని జట్టే ఛాంపియన్. లెస్టర్ బంతిని ఎదుటివాళ్లకు వదిలేసి కాచుకునే జట్టు. చెల్సీ దగ్గర బంతి ఎక్కువసేపు ఉండేది.

దీన్ని సరిచేయడానికి చిన్న లెక్క ఉంది. ఎదుటి జట్టు దగ్గర బంతి ఎంత శాతం ఉందో చూసి, దాన్ని 50కి సమం చేయడం. ఒక ఆటగాడికి మ్యాచ్‌కు 2 ట్యాకిల్స్ ఉన్నాయనుకోండి, అతని జట్టు దగ్గర బంతి 60 శాతం. అంటే ఎదుటివాళ్ల దగ్గర 40. రెండును 50తో గుణించి 40తో భాగిస్తే 2.5. ఇంకొకతనికి 2.6 ట్యాకిల్స్, కానీ జట్టు దగ్గర బంతి 45 శాతమే. 2.6ను 50తో గుణించి 55తో భాగిస్తే 2.36. వరస తారుమారైంది. ఇది ముతక లెక్కే. ఆధిక్యంలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి కూర్చుంటుంది, అప్పుడు ట్యాకిల్స్ వాటంతటవే పెరుగుతాయి; ఆ సంగతి ఇందులో పట్టుబడదు. అయినా లెక్క వేయకుండా పోల్చడం కంటే చాలా నయం.

ట్యాకిల్ గెలిచిన శాతం అని ఒకటి చూపిస్తారు. అందులో ఎదుటివాడు దాటేసి వెళ్లిపోయిన సందర్భాలు కలిపారో లేదో చూడండి. నాలుగుసార్లు కాలు పెట్టి మూడుసార్లు బంతి తీసిన మనిషి, ఇంకో నాలుగుసార్లు కాలు పెట్టకముందే దాటించుకున్నాడనుకోండి. మొదటి లెక్కలో అతనిది 75 శాతం, రెండో లెక్కలో ఎనిమిదికి మూడు. ఆ రెంటికీ చాలా దూరం. ఇంకోటి, ట్యాకిల్ ఎక్కడ జరిగిందో చూడాలి. ఎదుటి సగంలో పాస్ అందుకోబోతున్నవాడి మీద పడి తీసిన బంతి వేరు, సొంత బాక్స్ ముందు ఆఖరి క్షణంలో నేల మీద జారి తీసిన బంతి వేరు. రెండోది చప్పట్లు కొట్టిస్తుంది. కానీ చాలాసార్లు అది అంతకు పది సెకన్ల ముందు చేసిన పొరపాటును దిద్దుకోవడమే.

జెరార్డ్ ట్యాకిల్స్ అలాంటివి, ఉరుములా ఉండేవి. అరవై మీటర్లు వెనక్కి పరుగెత్తి తీసిన బంతులున్నాయి, వాటిని తక్కువ చేయను. ఆ పరుగు అందరి కాళ్లలోనూ ఉండదు. లాంపార్డ్ రక్షణ కంటికి ఆనదు. తన మనిషికీ బంతికీ మధ్య నిలబడతాడు, పాస్ దారి మూస్తాడు, నేల మీదికి వెళ్లడం తక్కువ. 2001 నుంచి 2005 దాకా వరసగా 164 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు ఆడగలిగాడంటే అందులో ఈ ఆటతీరుకూ వాటా ఉందని నా అభిప్రాయం. ప్రతి వారం అందుబాటులో ఉండటాన్ని ఎవరూ లెక్కలో వేయరు, వేయాలి.

తప్పులు కూడా ట్యాకిల్ పట్టికలో కనిపించవు. 2004 యూరో (ఐరోపా దేశాల కప్పు), ఫ్రాన్స్‌తో మ్యాచ్. లాంపార్డ్ తలతో కొట్టిన గోల్‌తో ఇంగ్లండ్ 90వ నిమిషం దాకా ముందుంది. ఇంజురీ టైమ్‌లో జిదాన్ ఫ్రీకిక్‌తో సమం చేశాడు. ఆ వెంటనే జెరార్డ్ గోల్‌కీపర్‌కు వేసిన వెనక పాస్ పొట్టిదైపోయి థియరీ ఆన్రీకి చిక్కింది, గోల్‌కీపర్ అతన్ని పడేశాడు, పెనాల్టీ, మ్యాచ్ పోయింది. 2014 ఏప్రిల్ 27, చెల్సీతో మ్యాచ్. సాకో ఇచ్చిన మామూలు పాస్, జెరార్డ్ పాదం కింద నుంచి జారింది, అతనూ జారాడు, డెంబా బా ఒంటరిగా వెళ్లి గోల్ కొట్టాడు. దాని పేరు చెప్పి జెరార్డ్‌కు రక్షణ రాదనడం చాలా అన్యాయం. కాలు జారడం ఎవరికైనా జరుగుతుంది. అడగాల్సిన ప్రశ్న వేరు: అతను జారినప్పుడు అతని వెనక ఎవరున్నారు? ఎవరూ లేరు. సెంటర్‌బ్యాక్‌లు ఇద్దరూ చెరోపక్కకు విడిపోయి ఉన్నారు, మధ్యలో ఆఖరి మనిషి అతనే.

ఇప్పుడు రెండు సందర్భాలు దగ్గరగా చూద్దాం.

2005 మే 25, ఇస్తాంబుల్, లివర్‌పూల్, మిలాన్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మొదటి సగంలో లివర్‌పూల్ మధ్యలో అలోన్సో, జెరార్డ్. వాళ్ల వెనక మిలాన్ ఆటగాడు కాకా స్వేచ్ఛగా తిరిగాడు. సగం ఆట ముగిసేసరికి మిలాన్ 3-0. విరామంలో బెనీతెజ్ రైట్‌బ్యాక్ ఫినన్‌ను తీసి డీటర్ హామన్‌ను దింపాడు. వెనక ముగ్గురు, మధ్యలో హామన్, అలోన్సో. జెరార్డ్ ముందుకు వెళ్లాడు. 54వ నిమిషంలో రీసె క్రాస్‌కు జెరార్డ్ తల గోల్. 56లో ష్మిత్సర్. 60వ నిమిషంలో బాక్స్‌లోకి దూసుకెళ్లిన జెరార్డ్‌ను గట్టూసో పడేశాడు. పెనాల్టీని దీదా ఆపాడు, తిరిగొచ్చిన బంతిని అలోన్సో లోపలికి కొట్టాడు. ఆరు నిమిషాల్లో మూడు గోల్స్.

ఇక్కడితో ఆపి ఇదంతా జెరార్డ్ మహిమ అంటారు. నేను రెండు మాటలు కలుపుతాను. మొదటిది, అదే మనిషి మొదటి 45 నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు. కాకా దారి మూసి జెరార్డ్‌కు ముందుకెళ్లే వీలు ఇచ్చింది హామన్. రెండోది అసలు చెప్పుకోనే చెప్పుకోరు. మ్యాచ్ చివర్లో మిలాన్ సెర్జీన్యోను ఎడమ వైపు దింపి ఆ అంచు మీద దాడి పెంచింది. బెనీతెజ్ జెరార్డ్‌ను కుడి వైపు వెనక్కి పంపాడు. అప్పటికే గంటన్నర పరుగెత్తిన మనిషి, అదనపు సమయమంతా తాజా కాళ్లతో వచ్చినవాడి ఎదురుగా నిలబడి క్రాస్‌లు అడ్డుకున్నాడు. ఒకే రాత్రి మూడు చోట్లు. లాంపార్డ్‌కు ఈ వెసులుబాటు లేదు, అతన్ని రైట్‌బ్యాక్‌గా ఊహించలేం. జెరార్డ్ పక్షాన నేను చెప్పగలిగిన అతి బలమైన మాట ఇదే, గోల్ కంటే కూడా.

రెండోది 2012 ఏప్రిల్ 18, చెల్సీ, బార్సిలోనా, ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మొదటి మ్యాచ్. మొదటి సగం చివరి క్షణాలు. మధ్యలో మెస్సీ బంతితో తిరుగుతున్నాడు. లాంపార్డ్ అతని దగ్గర బంతి లాక్కున్నాడు. అక్కడితో ఆగి ఊపిరి తీసుకోలేదు. తల ఎత్తి ఎడమ అంచున పరుగెత్తుతున్న రమీరెస్‌కు పొడవాటి పాస్ వేశాడు. రమీరెస్ అడ్డంగా పంపాడు, ద్రోగ్బా గోల్. మ్యాచ్ 1-0. తర్వాతి వారం బార్సిలోనాలో, కెప్టెన్ టెర్రీ రెడ్ కార్డుతో పదిమందే మిగిలిన జట్టులో, రమీరెస్ గోల్‌కు పాస్ ఇచ్చిందీ లాంపార్డే.

మొదటి గోల్‌ను పట్టికలో ఎలా రాస్తారు? గోల్ ద్రోగ్బాకు, అసిస్ట్ రమీరెస్‌కు, లాంపార్డ్‌కు ఒక ట్యాకిల్, ఒక పాస్. దాడి, రక్షణ రెండూ ఒకే కదలికలో ఉన్నాయి, పట్టిక దాన్ని రెండు ముక్కలు చేసి రెండు మూలల్లో పడేసింది. అందుకే అసిస్టుకు ముందు పాస్ ఎవరిది, బంతి ఎవరు తీస్తే దాడి మొదలైంది అన్నవి విడిగా రాసుకోమంటాను. ఈ లాంపార్డ్ 33 ఏళ్లవాడు, బాక్స్‌లోకి పరుగులు తగ్గించుకున్నవాడు. ఆ ఏడాది మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో టెర్రీ లేనందున కెప్టెన్‌గా దిగి, మికెల్ పక్కన అడుగున ఆడాడు. ఆ పని అతనికి రాదన్నవాళ్లు ఆ 120 నిమిషాలు మళ్లీ చూడాలి.

ఇద్దరూ ఇంత గొప్పవాళ్లయితే ఇంగ్లండ్‌కు కలిపి ఆడినప్పుడు ఎందుకు కుదరలేదు? 4-4-2లో నలుగురు మిడ్‌ఫీల్డర్లలో ఇద్దరు అంచులకు పోతే మధ్యలో ఇద్దరే ఉంటారు. ఇద్దరికీ ముందుకెళ్లే పరుగే ప్రాణం. నువ్వు వెళ్తే నేనుంటాను అని ఒప్పందం చేసుకోవచ్చు, చేసుకున్నారు కూడా; కానీ ఉండిపోయినవాడు తన సగం ఆట వదులుకున్నవాడే. 2004 యూరోలో ఇద్దరినీ మధ్యలో పెట్టడానికి పాల్ స్కోల్స్‌ను ఎడమ అంచుకు తోశారు. ముగ్గురిలో బంతిని అతి చక్కగా నడిపే మనిషి అతను. నాకు ఇప్పటికీ బాధ కలిగించే నిర్ణయం అది.

2010 ప్రపంచకప్‌లో జర్మనీతో మ్యాచ్ గుర్తుతెచ్చుకోండి. అందరూ లాంపార్డ్ షాట్ గీత దాటినా గోల్ ఇవ్వలేదన్నదే చెప్పుకుంటారు, ఆ అన్యాయం నిజమే. కానీ 67వ నిమిషం చూడండి. స్కోరు 2-1. లాంపార్డ్ ఫ్రీకిక్ గోడకు తగిలింది. ఇంగ్లండ్ మనుషులు చాలామంది బంతికి ముందే ఉండిపోయారు. జర్మనీ కొద్ది పాస్‌లతో మైదానం దాటింది, ముల్లర్ గోల్. మూడు నిమిషాలకు అలాంటిదే ఇంకోటి. ముందుకెళ్లినవాళ్ల వెనక ఖాళీ ఎవరిది అన్న ప్రశ్నకు ఆ సాయంత్రం జవాబు దొరకలేదు.

మీరు సొంతంగా ఇద్దరు మిడ్‌ఫీల్డర్లను పోల్చాలంటే ముఖ్యాంశాల వీడియోలు పక్కన పెట్టండి. వాటిలో అతను విఫలమైన పరుగులుండవు. ఒక్కొక్కరివి ఆరేసి పూర్తి మ్యాచ్‌లు తీసుకోండి: రెండు బలమైన జట్లతో, రెండు సమానులతో, రెండు బలహీనులతో. ఒక సగమంతా ఒక్క మనిషినే చూడండి, బంతిని కాదు. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి మీ మనిషి తెరలో లేని క్షణాలుంటాయి. అప్పుడు ఊహించి రాయకండి, గడి ఖాళీగా వదిలేయండి.

జట్టు బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ మూడు రాయండి. అతను అప్పుడు ఎక్కడున్నాడు. మొదటి అడుగు ఎటు వేశాడు, బంతి వైపా, సొంత గోల్ వైపా, వేయనే లేదా. ఐదు సెకన్ల తర్వాత ఎదుటి జట్టు ముందుకు పాస్ వేయగలిగిందా. ఒక మ్యాచ్‌లో ఇలాంటివి డజన్ల కొద్దీ దొరుకుతాయి, ఆరు మ్యాచ్‌లకు మంచి కుప్ప అవుతుంది. దాడి వైపు కూడా మూడు చాలు: బాక్స్‌లోకి వెళ్లిన పరుగులెన్ని, బంతి అందినా అందకపోయినా, ఎదుటి గోల్‌కు కనీసం పది మీటర్లు దగ్గర చేసిన పాస్‌లెన్ని, అలాంటి పాస్‌కు ప్రయత్నించి పోగొట్టినవెన్ని. జెరార్డ్‌లాంటి వాళ్లకు ఆ చివరిది ఎక్కువ ఉంటుంది. నలభై మీటర్ల పాస్ వేసేవాడు ఐదు మీటర్ల పాస్ వేసేవాడి కంటే ఎక్కువ పోగొడతాడు, అందుకని అతన్ని తక్కువ వేయకూడదు. పోగొట్టిన చోటు చూడండి. ఎదుటి మూలలో పోతే నష్టం చిన్నది, మధ్య వృత్తంలో పోతే పెద్దది.

చివరి గడిలో, అతను ముందుకు వెళ్లినప్పుడు ఆ ఖాళీ ఎవరు కాశారో పేరు రాయండి. ఆ పేరు ఒక్కటే మళ్లీమళ్లీ వస్తుంటే మీ పోలికలో ఉన్నది ఇద్దరు కాదు, ముగ్గురో నలుగురో అని మీకే తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: ఒక్కరినే తీసుకోవాలంటే ఎవరిని తీసుకుంటారు?)

దాటవేయను. నా దగ్గర మకెలెలెలాంటి మనిషి, లోపలికి బంతి లాగే వింగర్ ఉంటే లాంపార్డ్‌ను తీసుకుంటాను. 2003-04 నుంచి 2012-13 దాకా వరసగా పది సీజన్లు లీగ్‌లో పది లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. ఆ నిలకడ మీద జట్టు కట్టవచ్చు. జట్టులో ఇంకా చిల్లులుంటే, ఏ చిల్లు ఎప్పుడు పడుతుందో తెలియకపోతే జెరార్డ్‌ను తీసుకుంటాను. కుడి అంచు, స్ట్రైకర్ వెనక, మధ్య, అవసరమైతే వెనక కుడి మూల, ఎక్కడైనా ఆడతాడు. మధ్యలో ఇద్దరే ఉండే జట్టుకు అడుగున ఉండటానికైతే ఇద్దరినీ తీసుకోను.

(సభ నుంచి: ఇద్దరినీ కలిపి ఆడించే దారే లేదంటారా?)

ఉంది. అడుగున ఒక్కడే కాపలా, అతని ముందు ఎడమ వైపు లాంపార్డ్, కుడి వైపు జెరార్డ్, పైన ఒక్క స్ట్రైకర్. ఇద్దరూ ఒకేసారి వెళ్లినా వెనక ఐదుగురు మిగులుతారు. ఇంగ్లండ్ దాన్ని ఒక పెద్ద మ్యాచ్‌లో ప్రయత్నించింది కూడా. 2006 జులై 1, గెల్సెన్‌కిర్చెన్, పోర్చుగల్‌తో క్వార్టర్‌ఫైనల్. అడుగున ఓవెన్ హార్‌గ్రీవ్స్, పైన రూనీ ఒక్కడే. హార్‌గ్రీవ్స్ ఆ రోజు ఆడిన ఆట చూసినవాళ్లెవరూ మరిచిపోరు. షూటౌట్‌లో లాంపార్డ్, జెరార్డ్ ఇద్దరి పెనాల్టీలూ రికార్డో ఆపేస్తే, ఇంగ్లండ్ తరఫున కొట్టగలిగింది అతనొక్కడే. కానీ 62వ నిమిషంలో రూనీకి రెడ్ కార్డు చూపించారు. ముందు బంతి పట్టి నిలిపే మనిషి లేక, అక్కడి నుంచి ఇద్దరూ వెనక్కే వచ్చి కాచారు. ఆ రోజు ఆ ఏర్పాటు పూర్తిగా నడిచింది ఆ గంటసేపే.